సెల్ఫ్ కొడితే నాలుగు చప్పుళ్లు: మా కారు మరమ్మతు డైరీ

బండి వివరాలు: 2012 మోడల్, చిన్న పెట్రోలు కారు, నాలుగు సిలిండర్లు, 1.2 లీటర్ల ఇంజన్, మీటరు మీద 84,300 కిలోమీటర్లు. మేముండేది అమలాపురానికి దక్షిణాన, అల్లవరం వైపు. ఉప్పుగాలి ఇంట్లో ఇనప గొళ్లేన్ని కూడా వదలదు. కారు పగలు బడి దగ్గర చెట్టు కింద, రాత్రి కొబ్బరిచెట్ల మధ్య రేకుల షెడ్డులో ఉంటుంది. ఆదివారాలు మావారు దాన్ని రొయ్యల చెరువుల గట్ల మీదకు తోలుకెళ్తారు. నిరుడు వానలకు వాకిట్లో సగం చక్రం మునిగేలా రెండు రోజులు నీళ్లు నిలిచాయి, కారు అందులోనే ఉంది.

నేను హైస్కూల్లో భౌతికశాస్త్రం చెబుతాను. మెకానిక్‌ను కాను. స్టార్టర్ మోటారును మా వైపు అందరూ సెల్ఫ్ అనే అంటారు కాబట్టి ఇక్కడా అదే మాట వాడాను.

మొదటి దశ: కొలవకుండా కొన్న బ్యాటరీ

ఆగస్టు 3.

పొద్దున తాళం తిప్పితే టకటకటక. మూడోసారికి ఇంజన్ అందుకుంది, అందుకునేటప్పుడు గర్ర్‌మంది, అందుకున్నాక కీచుమంది. అత్తయ్యగారు అరుగు మీదనుంచి "అమ్మాయ్, కోడిని గానీ తొక్కించావా?" అన్నారు. బడికి టైమైపోతోంది. బ్యాటరీ పోయిందని నాకు నేనే తేల్చేసుకున్నాను. సాయంత్రం అమలాపురంలో కొత్తది వేయించాను. పాతది మారకంలో ఇచ్చేస్తే 4,600 రూపాయలు పడింది.

రెండు రోజులు టకటక లేదు. ఆగస్టు 6న మళ్లీ వచ్చింది.

పాత బ్యాటరీని ఒక్కసారి కూడా కొలవలేదు. అది బాగుందో లేదో ఇక ఎప్పటికీ తెలియదు. మరి రెండు రోజులు ఎందుకు ఊరుకుంది? కుర్రాడు కొత్తది బిగించేటప్పుడు టెర్మినళ్లు గీకాడు, ఆ కేబుళ్లను అటూ ఇటూ వంచాడు. ఎక్కడో సరిగా అంటని లోహం తాత్కాలికంగా అంటుకుంది. ఈ ఊహ తట్టడానికి నాకు ఇంకో వారం పట్టింది.

ఇప్పటివరకు ఖర్చు: 4,600 రూపాయలు. పోయిన సమయం: 1 గంట.

రెండో దశ: చప్పుళ్లను విడగొట్టడం

ఆగస్టు 8.

అసలు పొరపాటు బ్యాటరీ కొనడం కాదు. నాలుగు చప్పుళ్లను కలిపి ఒకటే జబ్బు అనుకోవడం. అందుకని:

1. ఫోన్‌లో రికార్డింగ్ పెట్టి బానెట్ కింద, బెల్టుకు దూరంగా, గుడ్డలో చుట్టి ఉంచాను.
2. మా అబ్బాయి తాళం తిప్పుతూ "ఇప్పుడు" అని పైకి అనాలి. ఆ మాట దగ్గరనుంచి సెకన్లు లెక్క.
3. పొద్దున చల్లటి ఇంజన్‌తో ఒకసారి, మధ్యాహ్నం వేడి ఇంజన్‌తో ఒకసారి. ఐదు రోజులు, మొత్తం 10 స్టార్ట్‌లు.

వచ్చిన లెక్క ఇది. టకటక, ఇంజన్ తిరగకముందే: 10లో 3, మూడూ పొద్దునవే. గర్ర్, సెల్ఫ్ పట్టుకునే క్షణంలో: 10లో 1. కీచు, ఇంజన్ అందుకున్నాక సుమారు 4 సెకన్లు: 10లో 4, అన్నీ ముసురు పట్టిన పొద్దులే. గలగల, అందుకున్న మొదటి 2 సెకన్లు: రాత్రంతా ఆగిన ప్రతిసారీ.

వేగంగా వచ్చే టకటక వేరు, ఒక్కటే "టక్" మని ఊరుకోవడం వేరు. ఒక్క టక్ అయితే సొలినాయిడ్ (సెల్ఫ్‌కు కరెంటు కలిపే విద్యుదయస్కాంత స్విచ్చి) లోపలి కాంటాక్టులు, తిరిగే మోటారుకు కరెంటు అందించే కార్బన్ బ్రష్‌లు, బిగుసుకుపోయిన మోటారు, ఇలా వెతకాలి. "సుత్తితో సెల్ఫ్ మీద రెండు తట్టండి, పోద్ది" అని మా వీధిలో ఇచ్చిన సలహా ఆ ఒక్క టక్‌కు పనికొస్తే రావచ్చు. నాది అది కాదు.

టకటక ఎలా పుడుతుందంటే, తాళం తిప్పగానే సొలినాయిడ్ లాగుతుంది, కాంటాక్టు మూస్తుంది, మోటారు వంద ఆంపియర్లకు పైగా గుంజుతుంది. దారిలో ఎక్కడైనా అడ్డు ఉంటే ఆ గుంజుడుకు సొలినాయిడ్‌కు అందే వోల్టేజి కుప్పకూలుతుంది. పట్టు వదిలేస్తుంది, స్ప్రింగ్ వెనక్కి నెడుతుంది. లోడు పోగానే వోల్టేజి లేస్తుంది, మళ్లీ లాగుతుంది. ఇదే సెకనుకు అనేకసార్లు. కాబట్టి అనుమానించాల్సింది ఒక్క బ్యాటరీనే కాదు, బ్యాటరీనుంచి మోటారుకు వెళ్లి తిరిగొచ్చే మొత్తం దారిని.

మూడో దశ: వోల్టేజి ఎక్కడ పోతోంది

ఆగస్టు 13.

మల్టీమీటరు 650 రూపాయలు. బడి లాబ్‌లో ఉన్నది తెచ్చుకోవచ్చు, కానీ రోజూ పొద్దున 6 గంటలకు కావాలి.

ఇంజన్ స్టార్ట్ కాకుండా సెల్ఫ్ మాత్రమే తిరగాలి, అప్పుడే కొలవడానికి టైముంటుంది. పెట్రోలు పంపు ఫ్యూజు పీకి, ఇంజన్‌ను ఒకసారి స్టార్ట్ చేస్తే ఉన్న పెట్రోలు అయిపోయి ఆగిపోతుంది. తర్వాత:

1. గేరు న్యూట్రల్, హ్యాండ్‌బ్రేకు బిగించి, చక్రాలకు ఇటుకలు. చున్నీ తీసి గుమ్మానికి తగిలించాను.
2. సెల్ఫ్ 4 సెకన్లకు మించి తిప్పకూడదు. మధ్యలో కనీసం ఒక నిమిషం ఆగాలి, లేకపోతే మోటారు వేడెక్కుతుంది.
3. మీటరు అంకెలను కళ్లతో పట్టుకోలేం. ఫోన్‌తో వీడియో తీసి తర్వాత ఆపి ఆపి చూశాను.
4. ఎర్రతీగ, నల్లతీగ బ్యాటరీ సీసం మొనల మీదే పెట్టాలి, పైన బిగించిన క్లాంపు మీద కాదు. క్లాంపుకూ మొనకూ మధ్య పోయే వోల్టేజి కూడా తెలియాలి కదా.

రాత్రంతా ఆగాక బ్యాటరీ 12.64 వోల్టులు. మామూలుగా 12.6 ఉంటే నిండుగా ఉన్నట్టు, 12.2కు వస్తే సగం. సెల్ఫ్ తిరుగుతుండగా బ్యాటరీ మొనల దగ్గర 10.9. ఇది 9.6 కన్నా కిందకు దిగకపోతే బ్యాటరీకి ఢోకా లేదు. అంటే నా కొత్త బ్యాటరీ శుభ్రంగా ఉంది. అదే సమయంలో సెల్ఫ్ మోటారు దగ్గర, దాని పెద్ద బోల్టుకూ దాని ఒంటికీ మధ్య, 8.9 మాత్రమే.

2.0 వోల్టులు దారిలో పోతున్నాయి.

ప్లస్ వైపు, బ్యాటరీ మొననుంచి సెల్ఫ్ బోల్టు దాకా: 0.3. ఇది పర్వాలేదు, 0.5 దాకా సర్దుకోవచ్చు.
మైనస్ వైపు, బ్యాటరీ మొననుంచి ఇంజన్ లోహం దాకా: 1.7. ఇది 0.2, 0.3 దాటకూడదు.

మైనస్‌ను ముక్కలు చేశాను. మొననుంచి క్లాంపుకు 0.1. క్లాంపునుంచి కారు బాడీకి 0.2. బాడీనుంచి గేరుబాక్సుకు 1.4. దొంగ దొరికాడు. బాడీకీ ఇంజన్‌కూ మధ్య ఉండే ఎర్త్ పట్టీ అది. ఇంజన్ రబ్బరు దిమ్మెల మీద కూర్చుంటుంది కాబట్టి కరెంటు తిరిగి రావడానికి ఆ పట్టీయే దారి.

ఇంజన్ నడుస్తుండగా, లైట్లూ ఏసీ వేసి, బ్యాటరీ దగ్గర చార్జింగ్ కూడా కొలిచాను: 13.8. ఈ అంకె తర్వాత పనికొచ్చింది.

ఆగస్టు 14.

కరెంటు ఎంతో తెలిస్తే ఆ పట్టీ నిరోధం లెక్క కట్టొచ్చని ఆశ. మా మరిది చెరువు నీళ్లలో గాలి కలిపే ఏరేటర్ మోటార్లు చూసుకుంటాడు, అతని క్లాంపు మీటరు తెచ్చాను. కేబుల్ చుట్టూ పెట్టి సెల్ఫ్ కొడితే సున్నా. మళ్లీ కొడితే సున్నా. మీటరు పాడైందని తిట్టుకుంటుంటే మరిది నవ్వాడు. "వదినా, అది ఏసీ కరెంటుకు మాత్రమే. నువ్వే కదా సైన్సు టీచరువి." పరువు పోయింది. మామూలు క్లాంపు మీటర్లు చాలావరకు ఏసీవే, అంటే ఇళ్లకొచ్చే కరెంటువి; బ్యాటరీ ఇచ్చేది డీసీ. డీసీ కొలిచేది సోలారు పంపులు బిగించే వాళ్ల దగ్గర దొరికింది, ఒక పూటకు అడిగి తెచ్చుకున్నాను. రీడింగు 128 ఆంపియర్లు.

1.4ను 128తో భాగిస్తే 0.011 ఓమ్. మల్టీమీటరును ఓమ్‌ల మీద పెట్టి ఆ పట్టీని కొలిస్తే 0.2 చూపించింది, ఎందుకంటే మీటరు తీగల నిరోధమే అంత. ఇలాంటి తప్పు ఓమ్ మీటరుకు దొరకదు, లోడు మీద వోల్టేజి కొలిస్తేనే దొరుకుతుంది. పదో తరగతి పిల్లలకు ఓమ్ నియమం ఏళ్లుగా చెబుతున్నాను. 11 మిల్లీఓమ్‌లు ఒక కారును ఆపేస్తాయని ఎప్పుడూ చెప్పలేదు.

మీటరు లేనివాళ్లు ఇలా చూడొచ్చు: జంపర్ కేబుళ్లలో ఒకదాన్ని బ్యాటరీ మైనస్ మొననుంచి ఇంజన్ మీద శుభ్రమైన లోహానికి, బెల్టుకు దూరంగా, తగిలించి సెల్ఫ్ కొట్టండి. టకటక పోతే తప్పు ఎర్త్‌లో ఉన్నట్టే. పోకపోతే ఎర్త్‌ను పక్కన పెట్టి ముందుకెళ్లొచ్చు.

నాలుగో దశ: ఎర్త్ పట్టీ

ఆగస్టు 15.

జెండా వందనం అయ్యాక ఇంటికొచ్చి పని మొదలుపెట్టాను. బ్యాటరీ మైనస్ ముందు తీయాలి, చివర పెట్టాలి. పట్టీ బయటికి బాగానే కనిపించింది. బోల్టు తీస్తే లగ్గు (పట్టీ చివర బోల్టు దూరే లోహపు తొడుగు) కింద ఆకుపచ్చ బూజులాంటి చిలుము. గరుకు కాగితంతో రెండు వైపులా మెరిసేదాకా రుద్ది బిగించాను.

1.4 కాస్తా 0.5 అయింది. తగ్గింది గానీ చాలదు.

మళ్లీ తీసి, మీద రబ్బరు తొడుగు చీల్చి చూస్తే అల్లిన రాగితీగలు లోపల నల్లగా, ముట్టుకుంటే పొడిపొడిగా రాలుతున్నాయి. నిరుటి నీళ్లు లోపలికెక్కి అక్కడే ఉండిపోయాయి. బయట కాంటాక్టు తోమితే లోపల తీగ బాగుపడదు.

సరైన పట్టీ కోసం అడిగితే వారం పడుతుందన్నారు. ఎలక్ట్రికల్ షాపులో 25 చదరపు మిల్లీమీటర్ల రాగి వెల్డింగ్ కేబుల్ 40 సెంటీమీటర్లు కొని, రెండు చివర్లా పూత పూసిన రాగి లగ్గులు అక్కడే నొక్కించాను. 380 రూపాయలు. ఇంజన్ ఊగుతుంది కాబట్టి కేబుల్ బిర్రుగా ఉండకూడదు, కొంచెం వదులు ఉంచాను.

బిగించి కొలిస్తే 0.6. పాతదానికన్నా ఎక్కువ! అరగంట తల పట్టుకున్నాను. బాడీ వైపు పాత బోల్టు తుప్పు పట్టిందని పక్కన ఉన్న ఇంకో రంధ్రం వాడాను. అక్కడ పెయింటు ఉంది. గీకేసి, లోహం బయటపడ్డాక బిగిస్తే 0.08.

తుది కొలతలు: మైనస్ మొత్తం 1.7నుంచి 0.4కు వచ్చింది. అందులో 0.2 బాడీ వైపు క్లాంపు కేబుల్‌ది, దాని బోల్టు కూడా విప్పి తోమితే మొత్తం 0.25. సెల్ఫ్ దగ్గర 8.9 ఉన్నది 10.3 అయింది. చార్జింగ్ 13.8నుంచి 14.1కి లేచింది. అదీ ఈ పట్టీ దారినే వెళ్లాలి మరి. జాయింట్ల మీద వాజెలిన్ దట్టంగా పూశాను, బిగించాకే. గరుకు కాగితం, వాజెలిన్ కలిపి 60.

ఆగస్టు 16నుంచి 30 దాకా పొద్దుటి స్టార్ట్‌లు 15. టకటక 0.

ఇప్పటివరకు ఖర్చు: 5,690 రూపాయలు. సమయం: 8 గంటలు.

ఐదో దశ: గర్ర్ పెరిగింది

ఆగస్టు 31.

టకటక పోయినందుకు సంతోషించే లోపే గర్ర్ ఎక్కువైంది. ముందు 10కి ఒకటి, ఇప్పుడు దాదాపు 4కు ఒకటి. ఎర్త్ బాగుపడితే ఇదెందుకు పెరగాలి? పూర్తి వోల్టేజి అందుతున్న మోటారు ఇప్పుడు గట్టిగా తిరుగుతోంది. సెల్ఫ్ ముందున్న చిన్న పళ్లచక్రం ఫ్లైవీల్ రింగ్ గేరులోకి (ఇంజన్‌తో తిరిగే పెద్ద చక్రం అంచున ఉండే పళ్ల వరస) పూర్తిగా దిగకముందే తిరగడం మొదలుపెడితే ముందుకన్నా గట్టిగా గీసుకుంటుంది. ఇన్నాళ్లూ నీరసంగా ఉండి దాగిన రోగం బలం వచ్చాక బయటపడింది.

మొదట సెల్ఫ్ బిగింపు బోల్టులు. ఒకటి అర చుట్టు వదులు. బిగించాను. తేడా లేదు.

సెప్టెంబరు 5.

విప్పక తప్పలేదు. నా బండిలో ఎయిర్ ఫిల్టరు డబ్బా తీస్తే పైనుంచే చెయ్యి అందుతుంది. 14 పానాతో రెండు బోల్టులు, ఒక పెద్ద నట్టు, ఒక చిన్న క్లిప్పు. మొదటిసారి 3 గంటలు పట్టింది, రెండోసారి 50 నిమిషాలు. రెండోసారి ఎందుకు వచ్చిందో చెబుతాను.

ఏరేటర్ మోటార్లు రీవైండింగ్ చేసే షాపుకు పట్టుకెళ్లాను. మా డెల్టాలో మోటారు తెలిసిన చేతులకు కొదవ లేదు. చెరువుకో పది ఏరేటర్లు, వాటిలో రోజుకొకటి కాలుతూనే ఉంటుంది. ఆ పెద్దాయన వైసులో బిగించి విప్పి చూపించారు. బ్రష్‌లు 9 మిల్లీమీటర్లు మిగిలి ఉన్నాయి, పర్వాలేదు. వెనక ఇరుసును పట్టి ఉంచే బుష్ అరిగి ఇరుసు పక్కకు కదులుతోంది. చిన్న పళ్లచక్రం, అంటే బెండిక్స్, జారే మరల మీద పాత గ్రీజు, సన్నమట్టి కలిసి బంకలా ఉన్నాయి. 8 పళ్లలో మూడింటి అంచులు చితికాయి.

"ఆయ్, దీనికి బెండిక్సు మార్చాలండి టీచరుగారండి. కానీ ఇది ఒక్కటే ఇలా అవదండి, దీనికి జోడీ పక్కన కూడా కొంత పోయి ఉంటాదండి" అన్నారాయన. ఆ రెండో మాట నేను సరిగా వినలేదు.

బుష్‌లు రెండు 120, బెండిక్స్ 850, శుభ్రం చేసే స్ప్రే 180, కూలి 400.

ఇక నా స్వయంకృతం. ఇంటికి తెచ్చాక, బిగించే ముందు, "బాగా జారాలి కదా" అని మరల మీద చక్రాల బేరింగులకు వాడే చిక్కటి గ్రీజు వేలితో తీసి నిండా పూశాను. మర్నాడు పొద్దున ఇంజన్ అందుకున్నాక కూడా సెల్ఫ్ వెనక్కి రాలేదు. కుయ్యిమని సన్నటి కూత, రెండు సెకన్లు. వెంటనే తాళం ఆపేశాను. ఇంకాసేపు అలా తిరిగితే ఇంజన్ వేగానికి మోటారు లోపలి తీగలు చెదిరిపోయే ప్రమాదం ఉంది.

మళ్లీ విప్పి, గ్రీజంతా తుడిచి, గుడ్డకు అంటిన పాటి పల్చటి పొర మాత్రమే ఉంచి బిగించాను. చిక్కటి గ్రీజు దుమ్మును కూడా పట్టి ఉంచుతుంది, ఎంత తక్కువైతే అంత మంచిది.

ఇప్పటివరకు ఖర్చు: 7,240 రూపాయలు.

సెప్టెంబరు 9నుంచి 21.

గర్ర్ 4కు ఒకటి కాస్తా 6కు ఒకటి అయింది. పోలేదు. అప్పుడు గుర్తొచ్చింది పెద్దాయన మాట.

సెల్ఫ్ చక్రానికి జోడీ రింగ్ గేరు. దానికి వందకు పైగా పళ్లు. అన్నీ సమానంగా అరిగితే ప్రతిసారీ చప్పుడు రావాలి. ఒకచోటే అరిగితే? నాలుగు సిలిండర్ల ఇంజన్ ఆపినప్పుడు ఎక్కడపడితే అక్కడ ఆగదు. ఏదో ఒక సిలిండర్ గాలిని నొక్కలేక వెనక్కి తగ్గి, దాదాపు రెండే స్థానాల్లో ఆగుతుంది. అవి ఒకదానికొకటి అర చుట్టు దూరం. అంటే సెల్ఫ్ ఎప్పుడూ ఆ రెండు చోట్లే వచ్చి గుద్దుకుంటుంది.

పరీక్ష:

1. ముందు కుడి చక్రం పక్కనుంచి కనిపించే క్రాంక్ పుల్లీ (ఇంజన్ ఇరుసు చివర బెల్టును తిప్పే చక్రం) మీద సుద్దముక్కతో ఒక గీత.
2. ప్రతి స్టార్ట్‌కు ముందు టార్చి వేసి గీత ఎక్కడుందో గడియారం ముల్లులా రాసుకోవడం.
3. పక్కనే గర్ర్ వచ్చిందా లేదా.

36 స్టార్ట్‌లు. గీత పది గంటల దగ్గర 19 సార్లు, నాలుగు గంటల దగ్గర 17 సార్లు. గర్ర్ 6 సార్లు, ఆరూ పది గంటల దగ్గరే. పుస్తకంలో ఆ వరస చూసినప్పుడు ఒంటరిగా షెడ్డులో చప్పట్లు కొట్టాను.

గర్ర్ వచ్చినప్పుడు ఇంజన్ స్థానం మార్చి చూశాను. తాళం తీసి, నాలుగో గేరు వేసి, బండిని జానెడు ముందుకు తోసి, న్యూట్రల్‌కు తెచ్చి మళ్లీ కొడితే శుభ్రంగా పట్టుకుంది. మూడుసార్లు చేశాను, మూడుసార్లూ పనిచేసింది. మీ బండికి ఇదే చప్పుడుంటే సెల్ఫ్ విప్పకముందే ఈ పని చేసి చూడండి. నేను వరస తిరగేశాను.

ఖాయం చేసుకోవడానికి మూడోసారి సెల్ఫ్ తీసి, ఆ రంధ్రంలో ఫోన్ కెమెరా పెట్టి, స్పార్క్ ప్లగ్గులు తీసేసి, క్రాంక్ బోల్టును పానాతో ఇంజన్ తిరిగే దిక్కుకే మెల్లగా తిప్పుతూ చూశాను. ఒకచోట నాలుగు పళ్ల అంచులు గుండ్రంగా అయిపోయాయి. ఎదురు వైపు రెండింటికి గీతలు పడ్డాయి గానీ పట్టు ఉంది.

పళ్లు ఎందుకు పోయాయి? ఇన్నాళ్ల టకటక. ప్రతి టక్‌కు ఆ చక్రం వచ్చి సగం దిగి, గుద్ది, వెనక్కి పోయింది, ఎప్పుడూ ఆ పళ్లనే. దానికి మావారి అలవాటు తోడు. ఒకసారి అందుకోకపోతే ఇంజన్ పూర్తిగా ఆగకముందే రెండోసారి తాళం తిప్పేస్తారు. మొదటి చప్పుడే రెండోదాన్ని కన్నది.

రింగ్ గేరు మార్చాలంటే గేరుబాక్సు దింపాలి. అడిగితే అన్నీ కలిపి 8 నుంచి 9 వేలు అవుతుందన్నారు. మెకానిక్ తనే వద్దన్నాడు. "ఇప్పుడు విప్పడం దండగండి. క్లచ్చి ఇంకో ఏడాదికో, ఏడాదిన్నరకో ఎలాగూ మార్చాల్సి వస్తాదండి. అప్పుడు ఒక్క కూలితో రెండూ అయిపోతాయండి." నాకూ అదే సబబనిపించింది. అప్పటిదాకా 6కు ఒకసారి గర్ర్‌తో సర్దుకుంటాం. వచ్చినప్పుడు మొండిగా కొట్టకుండా బండిని జానెడు తోస్తాం.

సమయం: 20 గంటలు.

ఆరో దశ: కీచు

సెప్టెంబరు 24.

దీని గురించి చెప్పడానికి పెద్దగా లేదు. సెల్ఫ్ వాడేసిన కరెంటును తిరిగి నింపడానికి ఆల్టర్నేటర్ (బెల్టుతో తిరిగి కరెంటు పుట్టించే యంత్రం) మొదటి సెకన్లలో గట్టిగా లాగుతుంది. బెల్టు తడిగా ఉండి, నున్నబడి ఉంటే జారుతుంది. తిరుగుతున్న బెల్టు మీద దూరంనుంచి సీసాతో నాలుగు చుక్కలు నీళ్లు చల్లితే నా బండిలో కీచు ఇంకా పెరిగింది, అంటే బిగువు చాలక జారుతోందని. నీళ్లకు చప్పుడు కాసేపు ఆగితే పుల్లీలు ఒకే వరసలో ఉన్నాయో లేదో చూసుకోవాలి.

అత్తయ్యగారు కొబ్బరినూనె రాయమన్నారు. కోనసీమలో కొబ్బరినూనె రాయని జబ్బు లేదు. నూనె రబ్బరును ఉబ్బిస్తుందని ఆవిడకు చెప్పి, నేనేమో ఎవరో చెప్పారని బట్టల సబ్బు రుద్దాను. రెండు రోజులు మౌనం, మూడోరోజు వానకు వీధి చివరిదాకా వినపడింది.

కొత్త బెల్టు 620. బిగువు ఎంతంటే, రెండు పుల్లీల మధ్య బొటనవేలితో గట్టిగా నొక్కితే 8 మిల్లీమీటర్లు దిగేలా. కొత్త బెల్టు సాగుతుంది, వారం తర్వాత చూస్తే 11 దిగింది, మళ్లీ బిగించాను. అప్పటినుంచి కీచు లేదు.

ఇప్పటివరకు ఖర్చు: 7,860 రూపాయలు. సమయం: 22 గంటలు.

ఏడో దశ: గలగల

అక్టోబరు 2.

మొదటి రెండు సెకన్ల గలగలకు ఇంజన్ లోపలి టైమింగ్ చైన్ అని ఒకరు, ట్యాపెట్లు అని ఇంకొకరు చెప్పి భయపెట్టారు. అంతదూరం పోకముందు ఆయిల్ పుల్ల తీసి చూశాను. కింద గీతకు దగ్గరగా ఉంది. పోయినసారి ఊళ్లోనే వేయించిన ఆయిల్ ఫిల్టరు పేరులేని చవకరకం. మంచి ఫిల్టరులో, ఇంజన్ ఆగాక నూనె వెనక్కి జారిపోకుండా ఆపే రబ్బరు పొర ఉంటుంది. అది సరిగా మూయకపోతే పొద్దున ఫిల్టరు ఖాళీగా ఉంటుంది. నూనె పైకి చేరేదాకా పైభాగాలు పొడిగా కొట్టుకుంటాయి.

ఆయిలు, ఫిల్టరు కలిపి 1,750. రికార్డింగుల్లో 2 సెకన్లు ఉన్నది సెకను లోపుకు వచ్చింది. కానీ మిగిలిన ఆ కాస్త చప్పుడు వేరే రకం. రేకు మీద గవ్వలు పోసినట్టు.

అక్టోబరు 6.

ఆ పొద్దున మాడువాసన. అత్తయ్యగారే ముందు పసిగట్టారు. "పీచు కాలుతోంది అమ్మాయ్." ఇంజన్ ఆపి, చల్లారాక కింద చూస్తే పొగగొట్టం మీద ఉండే వేడి ఆపే రేకుకూ గొట్టానికీ మధ్య కొబ్బరి పీచు, రెండు గుప్పెళ్లు. షెడ్డు మూలన వేసిన కొబ్బరి డొక్కల కుప్పనుంచి ఎలుక మోసుకొచ్చి గూడు కట్టింది. రేకు బిగింపు ఒకవైపు తుప్పుతో ఊడి, గొట్టానికి తగిలి గలగలమంటోంది. ఆ సందులోంచే ఎలుక దూరింది.

ఈ డైరీలో ఇదొక్కటే నిజంగా భయపెట్టింది. మిగతావి నన్ను బడికి ఆలస్యం చేసేవి, ఇది షెడ్డును తగలబెట్టేది. పీచంతా కర్రతో లాగేసి, రేకు చుట్టూ రెండు స్టీలు క్లిప్పులు బిగించాను, 60 రూపాయలు. డొక్కల కుప్ప షెడ్డునుంచి నలభై అడుగుల దూరం జరిపించాను. కొబ్బరితోటలో కారు పెట్టేవాళ్లు నెలకొకసారి టార్చి వేసి కిందకు చూడండి, చప్పుడు లేకపోయినా సరే.

మొత్తం ఖర్చు: 9,670 రూపాయలు. అందులో అవసరం ఉందో లేదో తెలియని బ్యాటరీ 4,600. మొత్తం సమయం: 25 గంటలు. అందులో దండగైన పనులు రెండు: గ్రీజు పూయడం వల్ల రెండోసారి విప్పింది ఒకటి, సుద్దగీత పరీక్ష ముందే చేసి ఉంటే తప్పిపోయే పని ఇంకొకటి.

నవంబరు 9.

ఎర్త్ మళ్లీ కొలిచాను. మైనస్ మొత్తం 0.26, ఆగస్టులో 0.25. వాజెలిన్ నిలిచింది. అక్టోబరు 7నుంచి ఇవాళ్టిదాకా 71 స్టార్ట్‌లు. టకటక 0, కీచు 0, గలగల సెకను లోపే. గర్ర్ 9. తొమ్మిదిలో ఎనిమిది పది గంటల దగ్గర. ఒకటి మావారు గీత చూడకుండా కొట్టింది, దాని లెక్క లేదు.

సుద్దగీత వానకు పోతోందని నిన్న మా అమ్మాయిది తెల్ల గోళ్లరంగు తీసుకుని పుల్లీ మీద గీశాను. సీసా ఇంకా తిరిగివ్వలేదు.